వరదకి వందన సమర్పణ

మా సేవా క్లబ్బు ప్రెసిడెంటు "నాకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు" అన్నాడంటే నేను స్టవ్ మంట తగ్గించేస్తాను. ఇక గంటసేపు ఎవడూ గ్లాసు కింద పెట్టడు, రెండో టీ అడగడు. నా టీ కొట్టుకి ఆయన వల్ల జరిగిన సేవ ఇంతే.

ఆ పొద్దున కూడా ఆ మాటతోనే మొదలెట్టాడు. రెండు రోజులుగా వాన ఆగలేదు. దిగువనున్న పల్లపు వీధి మునిగిపోయింది. నా కొట్టు మెరక మీద ఉంది కాబట్టి బతికింది. కొట్టుకి ఎదురుగా క్లబ్బు భవనం, దాని ముందు సిమెంటు దిమ్మె, దిమ్మె మీద క్లబ్బు వాళ్ళ పడవ. వరదలొస్తే జనాన్ని కాపాడతామని ఇంటింటికీ తిరిగి చందాలెత్తి కొన్న పడవ అది. పైన గుడ్డ కప్పి, గొలుసు చుట్టి, తాళం వేసి పెట్టారు. పక్కనే దాతల పేర్లతో బోర్డు. అది పడవ కన్నా పొడుగు.

బడి వ్యాను డ్రైవరు తడిసి ముద్దయి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద.

"సార్, పడవ తాళం ఇప్పించండి. మా అక్క ఇంట్లో చిక్కుకుపోయింది. వానకి బడి వదిలేస్తే నేను పిల్లల్ని ఇళ్ళకి చేర్చి వచ్చేసరికి వీధి మునిగిపోయింది. పక్కింటివాళ్ళు పోతూ పోతూ ఆవిణ్ణి అటక ఎక్కించి పోయారంట. కాలు విరిగి కట్టుతో ఉంది, తనంతట తాను కదల్లేదు. ఫైరింజన్ వాళ్ళు సాయంత్రానికి గానీ రాలేమంటున్నారు."

అతని తల్లి చిన్నప్పుడే పోయింది. ఆ అక్కే చంకనేసుకుని పెంచింది. ఇది మా వీధిలో అందరికీ తెలుసు, ప్రెసిడెంటుకీ తెలుసు.

"తాళానికేం భాగ్యమయ్యా, ఇస్తాను," అన్నాడు ప్రెసిడెంటు. "కానీ పడవంటే నీ వ్యాను కాదు, గేరు మార్చి తోలెయ్యడానికి. దానికో కిటుకుంది. పోయిన వరదకి నేనేం చేశానో వింటే నీకే తెలుస్తుంది. కూర్చో. నాకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను."

డ్రైవరు కూర్చోలేదు. తాళం ఆయన జేబులో ఉంది కాబట్టి నిలబడే విన్నాడు.

"ముందు ఒక ముసలావిడ. గోడెక్కి కూర్చుంది. ఒక్క మనిషే, నేను ఎక్కువ చెప్పను. పడవ దింపాను, తెడ్డు పట్టాను, ఆవిణ్ణి ఎక్కించుకున్నాను. ఎక్కిందో లేదో 'నాయనా, నా కోడలెక్కడ?' అంది. అత్త నోట కోడలి మాట వచ్చిందంటే అదెంత పెద్ద వరదో మీరే ఆలోచించండి! సరే, కోడల్ని ఎక్కించాను. కోడలు తన మొగుణ్ణి అడిగింది, మొగుడు తన తోడల్లుణ్ణి అడిగాడు, తోడల్లుడు వాళ్ళ మేనత్తని అడిగాడు. అలా చుట్టరికం పట్టుకుని పోతే ఏడుగురయ్యారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది సార్?" అన్నాడు మందుల షాపు కాంపౌండరు.

"తెడ్డు విరిగింది."

"అయ్యో!"

"నువ్వయితే అయ్యో అంటావు. నేనన్లేదు. అదిగో ఆ దాతల బోర్డు పీకి దాంతోనే తెడ్డేశాను. ఎంతమంది పుణ్యాత్ముల పేర్లున్నాయి దాని మీద! ఒక్క తోపు తోశానంటే పడవ మూడు వీధులు దాటింది. మూడో వీధిలో ఆపడానికి నేను పడిన పాట్లు వేరే చెప్పాలి."

"బోర్డు మీద పెచ్చు కూడా ఊడలేదే సార్," అన్నాడు కాంపౌండరు.

"మళ్ళీ పాతించాం."

"నేనే దగ్గరుండి పాతించాను," అన్నాడు ఆయన బావమరిది. క్లబ్బుకి ట్రెజరర్. దాయాది చావ కోరతాడు, బావమరిది బతక కోరతాడు అంటారు. ఈ బావమరిది బావ చెప్పిన ప్రతి అబద్ధమూ నూరేళ్ళు బతకాలని కోరతాడు.

"సార్, తాళం," అన్నాడు డ్రైవరు.

"అక్కడికే వస్తున్నానయ్యా. ఏడుగురు కదా? ఇంతలో పాలవాడి గేదె ఈదుకుంటూ వచ్చి పడవ అంచు మీద గడ్డం పెట్టి నా మొహంలోకి చూసింది. నోరు లేని జీవం. మన క్లబ్బు ఆశయమేంటి? సేవకి భేదం లేదు. ఎక్కించాను. గేదె ఎక్కితే పడవ మునగాలా? మునగలేదు. ఎందుకో తెలుసా? నేను దిగాను! నీళ్ళలోకి దిగి, తాడు పళ్ళతో పట్టుకుని ఈడ్చాను. ఇదిగో ఈ పన్ను అప్పట్నుంచే కదులుతోంది."

"ఆ పన్ను మొన్న జీడిపప్పు కొరికితే కదిలిందన్నారు?" అన్నాడు కాంపౌండరు.

"కదలడం మొన్న తెలిసిందయ్యా, కదిలింది అప్పుడే."

అందరూ పగలబడి నవ్వారు. డ్రైవరు జేబులో ఫోను మోగింది. పక్కకి తిరిగి మాట్లాడాడు. మళ్ళీ వచ్చి నిలబడ్డప్పుడు అతని మొహం చూడలేకపోయాను.

"అక్క చేసింది సార్. కిటికీ మునిగిందంట. 'నువ్వేమైనా తిన్నావా' అని అడిగింది."

ఆ క్షణంలో ప్రెసిడెంటు జేబులో చెయ్యి పెట్టి తాళం తీసి ఉంటే నేను ఈ మనిషిని ఇంకో పదేళ్ళు భరించేదాన్ని. ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళింది, అక్కణ్ణుంచి మీసం మీదకి వెళ్ళింది.

"చూశారా! అదీ ధైర్యమంటే. వరదలో మనిషికి కావలసింది ధైర్యం, పడవ కాదు. అయినా కిటికీ ఒక మునకా? పోయిన వరదకి కొబ్బరిచెట్టు మునిగింది. కాయ కోసుకోవాలంటే కిందికి వంగాల్సొచ్చింది."

"అవును, నేను కూడా వంగాను," అన్నాడు బావమరిది.

డ్రైవరు ఇంకేం అడగలేదు. నా కొట్టు పక్కనే షెడ్డున్న మెకానిక్కు వైపు చూశాడు. మెకానిక్కు సగం తాగిన టీ బల్ల మీద పెట్టి, షెడ్డులోంచి గడ్డపార తీసుకున్నాడు. ఇద్దరూ వానలో రోడ్డు దాటారు. వాళ్ళ వెనకాల కాంపౌండరు కూడా లేచాడు. ప్రెసిడెంటు చూశాడు. చూసి, గొంతు ఇంకాస్త పెంచాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకాయన ఇల్లు వదిలి రానన్నాడు. తాతల నాటి ఇల్లంట. సరే, రాకు, పొయ్యి కూడా ఆర్పకు అన్నాను. గడపకి తాడు కట్టి ఇంటిని ఇల్లుగానే లాక్కొచ్చి మెరక మీద పెట్టాను. పొయ్యి మీద పాలు చుక్క ఒలకలేదు. ఉయ్యాల్లో పిల్ల నిద్ర లేవలేదు."

"మరి పునాది?" అడిగారెవరో.

"పునాది అక్కడే వదిలేశాం. నీళ్ళు తీశాక ఇల్లు మళ్ళీ ఎక్కడ పెట్టాలో గుర్తుండాలి కదా!"

నవ్వు నాకూ వచ్చింది. నవ్వినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. అవతల గొలుసు మీద గడ్డపార దెబ్బ ఠంగుమంది. ప్రెసిడెంటు ఉలిక్కిపడి మాట వేగం పెంచాడు.

"అది కూడా పెద్ద విషయం కాదు. ఎంతమందినని దాటిస్తాం, ఎన్ని ఇళ్ళని లాగుతాం? మూలం చూడాలి. వరదతోనే మాట్లాడదామనుకున్నాను. వీధి మధ్యలో బల్ల వేయించాను, మైకు పెట్టించాను. 'గౌరవనీయులైన వరద గారికి' అన్నాను. అంతే! పరవళ్ళు తొక్కుతున్న నీళ్ళు ఠక్కున ఆగాయి. ఎవరికైనా కావలసింది గౌరవమేనయ్యా! పూలదండ వేశాను, జ్ఞాపిక ఇచ్చాను, ఫొటో తీయించాను. ఫొటోలో కళ్ళు మూసుకుందని ఇంకోటి తీయించాను. తర్వాత వందన సమర్పణ చదివాను. 'ఎన్నో పనులున్నా, తమ అమూల్యమైన కాలాన్ని వెచ్చించి, పిలవగానే మా వీధికి విచ్చేసిన వరద గారికి...' చదవడం అయిపోయింది. వందన సమర్పణ అంటే సభ ముగిసినట్టే కదా? నీళ్ళు లేచి, ఒళ్ళు దులుపుకుని, తోసుకోకుండా వరసలో వెళ్ళిపోయాయి!"

బావమరిది చప్పట్లు కొట్టాడు. ఒక్కడే కొట్టాడు. మిగతావాళ్ళు రోడ్డు వైపు చూస్తున్నారు.

ముగ్గురు మనుషులు పడవని బోర్లించి నెత్తిన పెట్టుకుని వస్తున్నారు. ముందు డ్రైవరు, వెనక మెకానిక్కు, కాంపౌండరు. నెత్తిన అంత పడవ ఉంటే మనిషి తడవకూడదు. కానీ పడవలోంచి వాన ధారలు ధారలుగా కారి వాళ్ళ మొహాల మీద పడుతోంది. నా కొట్టు ముందు దించారు. పడవ అడుగు నిండా చిల్లులు. గుండ్రంగా, వరసగా, ఎవరో శ్రద్ధగా వేసిన చిల్లులు.

ఏళ్ళ తరబడి ఆ పడవకి ఎదురుగా టీ అమ్ముకుంటూ, మనకి పడవుందిలే అనుకుంటూ బతికాం.

"అదీ..." అని ప్రెసిడెంటు నీళ్ళు నమిలాడు. "దిమ్మె మీదకి ఎక్కించిన రోజే వేయించాం. వాన నీళ్ళు నిలిచి దోమలు పెరుగుతాయని. దోమల నివారణ వారోత్సవం చేసేది మన క్లబ్బే కదా, మన పడవలోనే దోమలుంటే ఏం బాగుంటుంది..."

డ్రైవరు అరవలేదు, తిట్టలేదు. అరిచినా బాగుండేది.

"ఇన్ని చిల్లులున్న పడవలో అంతమందిని దాటించారంటే మీరు మామూలు మనిషి కాదు సార్. రండి, ఎక్కండి. గేదెని తేవక్కర్లేదు, ఇల్లు లాగక్కర్లేదు. మా అక్క ఒక్కతే."

ప్రెసిడెంటు బావమరిది వైపు చూశాడు. బావమరిది ఖాళీ గ్లాసులోకి చూసుకున్నాడు.

"నాకేం తెలుసు బావా? పోయిన వరదకి నేను ఊళ్ళోనే లేను," అన్నాడు.

మెకానిక్కు చిల్లుల్లోకి గోనెపట్టా ముక్కలు కుక్కడం మొదలెట్టాడు. అవి చాలేలా లేవు. నేను కొట్టు మీది టార్పాలిన్ తాళ్ళు కోసి కిందికి లాగి ఇచ్చాను. వాన నా స్టవ్ మీద, పాల గిన్నెలో, ప్రెసిడెంటు ఇస్త్రీ చొక్కా మీద పడింది. ముగ్గురూ టార్పాలిన్‌ని పడవ అడుగున చుట్టి తాళ్ళు బిగించారు. అది ఎంత దూరం ఆగుతుందో ఎవరికీ తెలియదు.

"రండి సార్, వేళవుతోంది," అన్నాడు డ్రైవరు.

ప్రెసిడెంటు ఒకడుగు వెనక్కి వేశాడు. గొంతు బాగా తగ్గిపోయింది.

"నాకు ఈత రాదయ్యా," అన్నాడు.

డ్రైవరు పడవ అంచుకి భుజం ఆనించి నీళ్ళ వైపు తోస్తున్నాడు. తల కూడా తిప్పలేదు.

"మా అక్కకీ రాదు సార్."