నా పేరు చెప్పి కట్టు విప్పకండి

అధ్యక్షస్థానంలో ఉన్న మా దొర రాతు ఇలైతియా గారికి, ప్రార్థన చేసిన పాస్టరుగారికి, పొద్దుటి నుంచీ చాపల మీద కాళ్ళు మడుచుకుని ఓపికపట్టిన పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని మనం తాగే కవా వేరు కలుపుతున్న కుర్రాళ్ళకు, పొయ్యి దగ్గర ఉండి కూడా ఒక్క మాట పోనివ్వకుండా వింటున్న ఆడవాళ్ళకు ఈ వైసాకే దండాలు. నాకు చదువు తక్కువ. సంతకం మట్టుకు పెడతాను, అదీ నిదానంగా. నాలుగు ముక్కలు రాసిస్తానని మా తమ్ముడి కూతురు తోరిక అంది గానీ, నా కోపం దాని అక్షరాల్లో ఇమడదని వద్దన్నాను. (నవ్వులు)

ఇప్పటిదాకా నన్ను చాలా పొగిడారు. ఏటి ఒడ్డున కాపుకాసిన సొరచేప అన్నారు. పాస్టరుగారు నన్ను శాంతమూర్తి అన్నప్పుడు మా ఆవిడ మెరెయోనికి పొలమారడం అందరూ చూశారు. (నవ్వులు) సరే, పొగడ్తలన్నీ మింగేశాను, అవి అరిగిపోతాయి. మింగలేనిది నా ముందు చాప మీద ఉంది.

మా బావమరిది, మా చెల్లెలి మొగుడు పెనాయా, అతని వంశంవాళ్ళు కలిసి తిమింగలం దంతం తెచ్చి ఇక్కడ పెట్టారు. దాంతోపాటు ఒక కోరిక కోరారు. వైసాకే కాపలా దిగుతున్న ఈ రోజున, అతని గౌరవం కోసం, ఏమీ నాటకూడదని ఏటి పల్లం మీద వేసిన కట్టు విప్పాలట. దొరగారు సాయంత్రం వెళ్ళి కట్టుకు గుర్తుగా గుంజకున్న కొబ్బరాకు తీసేస్తే, రేపటి నుంచి ఎవరి నేల చెక్కలో వాళ్ళు చామదుంప నాటుకుంటారట. దంతం అందుకున్నవాడు దాంతో అడిగింది కాదనకూడదు. అది మన తాతల మాట. అందుకే నేను చెయ్యి చాచలేదు. మీరు గొంతులు సవరించుకోవడం, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నాకు కనబడుతూనే ఉంది. ముసలాడికి పొగరనుకుంటున్నారు. పొగరే. ఎందుకో వినండి.

పై కొండలో గనివాళ్ళు నిలవేసిన బురద కట్ట తెంచుకుని, ఏరు బూడిదరంగులో వచ్చి మన పల్లమంతా పరుచుకున్న ఏడు మీలో సగం మంది పుట్టలేదు. గనివాళ్ళు మూటాముల్లే సర్దుకుని పోయారు. బురద ఎండాక మనమే తవ్వి, చామ నాటి, తిన్నాం. ఏళ్ళ తరబడి తిన్నాం. ఆడవాళ్ళ అరచేతులు మొద్దుబారి, గింజలు గింజలుగా కాయలు కాస్తే పనివల్ల అనుకున్నాం. ఆస్పత్రిలో పాషాణం అన్నారు. మెరెయోనీ, నీ చేతులు చూపించమని నేను అడగను. చాప కింద దాచుకోనూ అక్కర్లేదు.

అప్పుడు ఈ దొరగారి తండ్రి ఆ నేల మీద కట్టు వేసి కాపలా నాకు అప్పగించారు. నా గొప్ప చూసి కాదు. ఊళ్ళో అందరితోనూ తగాదా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే, ఎవరికీ మొహమాటపడనని. (నవ్వులు) ఒడ్డు కోసుకుపోకుండా వట్టివేరు గడ్డి పెట్టాం. విషాన్ని ఆకుల్లోకి లాక్కునే ఒక మొక్కను తోరిక సువా పట్నం నుంచి తెచ్చి చెక్కలన్నింటా నాటించింది. ఆ ఆకు కోసి, పశువు నోట పడకుండా సిమెంటు గోతిలో వేసి మూత పెడుతున్నాం. ఏటా వానలు వెలిశాక పై మట్టి ఒక సంచిలో, లోతు మట్టి ఇంకో సంచిలో ఎత్తి పరీక్షకు పంపుతుంది తోరిక. పార నాది. "పెదనాన్నా, కడక్కుండా రెండో గుంట తవ్వావంటే ఊరుకోను!" అని కసిరేది. పెళ్ళాం కసిరితేనే పడనివాణ్ణి, దాని మాట పడ్డాను. ఒక గుంట మట్టి ఇంకో గుంటకు అంటితే పరీక్ష అబద్ధం చెబుతుంది మరి.

ఏమిటి పెనాయా, గొణుగుతున్నావు? గట్టిగా అను.

("పరీక్షకని తోరిక చామ నాటిన ఆ మచ్చు చెక్కలో ఆకులు చూడు బావా, గొడుగులంత ఉన్నాయి! విషం ఉన్న నేలలో అట్టా వస్తాయా?" అని పెనాయా.)

వస్తాయి. మా చేత విషం తినిపించిన పంట కూడా అలాగే నిగనిగలాడుతూ వచ్చింది. నేను మట్టి నాలుక మీద వేసుకుని ఉప్పూ పులుపూ చెప్పే మొనగాణ్ణని మీకందరికీ తెలుసు. నా నాలుకకే పాషాణం దొరకలేదు, ఇక నీ కంటికి దొరుకుతుందా? తోరికా, లేచి చెప్పమ్మా, ఈ ఏడు ఏమొచ్చింది?

("పై మట్టి బాగుపడింది పెదనాన్నా. మోచేతి లోతున ఇంకా ఉంది. ఏటి వైపు చెక్కల్లో మరీనూ.")

విన్నారుగా. దుంప ఊరేది, వేరు పోయేది ఆ లోతుకే.

("మరి మీ చెల్లెలు ఎన్నాళ్ళు ఆ కొండెక్కాలి బావా? మొన్న వానకి జారి, పెండలం గంపతో సహా కిందకొచ్చింది. నీకేం, కూర్చుని చెబుతావు!")

అది అడగవలసిన మాట. దానికి నేను నవ్వను. నా చెల్లెలే కాదు, పల్లంలో చెక్కలున్న ప్రతి ఇంటి ఆడదీ ఆ ఏటవాలు కొండ మీద కర్రపెండలం తవ్వుకుంటూనే ఉంది. అందుకే నిన్న మా వంశంవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడాను. చర్చి వెనక మాకున్న నల్లమట్టి నేల, నా కొడుకులు మొహం మాడ్చుకున్నా సరే, పల్లం బాగుపడేదాకా మీరు నాటుకోండి. అది చదునుగా ఉంటుంది, ఎవరూ జారరు. కానీ పల్లంలో మాత్రం ఒక్క పిలక దిగకూడదు. నా గౌరవం కోసం నా మనవల చేతులకు ఆ కాయలు కాయించకండి. అలాంటి గౌరవం నాకు వద్దు.

దొరగారూ, ఈ దంతాన్ని తెచ్చినవాళ్ళకే తిరిగి ఇస్తున్నాను. తప్పయితే నన్ను తిట్టండి, పడతాను. ఇక ఇది చూడండి. మా అమ్మ పోయినప్పుడు మేనమామలు ఇచ్చిన దంతం. నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. దీన్ని పెనాయా ముందు పెడుతున్నాను. నా కోరిక ఇది: నా తర్వాత పల్లానికి కాపలా నువ్వు ఉండాలి. లోతు మట్టి శుభ్రమైందని తోరిక నోటితో చెప్పేదాకా ఉండాలి.

దొంగ చేతికి తాళాలా అని వెనక ఎవరో అంటున్నారు. అననీయండి. ఆ నేల మీద ఇతనికున్నంత ఆశ ఊళ్ళో ఇంకెవరికీ లేదు. ఆశ లేనివాడు కాపలాలో నిద్రపోతాడు.

(పెనాయా దంతం వైపు చూశాడు. తోరిక వైపు చూశాడు, మెరెయోని వైపు చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద ముందుకు వచ్చి రెండు చేతులా అందుకున్నాడు. "పదవి దిగినా నన్ను వదలవు కదా బావా!" అన్నాడు. నవ్వులు, చప్పట్లు)

వదలను. పొద్దుటి నుంచీ వండినవాళ్ళకు, కవా కలిపినవాళ్ళకు, నా నోటిని ఇన్నేళ్ళు భరించిన ఊరందరికీ, నాకంటే ఎక్కువ భరించిన మెరెయోనికీ కృతజ్ఞతలు. దొరగారూ, సాయంత్రం పల్లానికి రావడం మానకండి. గుంజ మీది కొబ్బరాకు ఎండిపోయింది, పచ్చిది కట్టాలి. పెనాయా ఆకు పట్టుకుంటాడు, మీరు ముడి వెయ్యండి. గట్టిగా వెయ్యండి.

సెలవు.