పై అంతస్తు నుంచి కబురు

తుపాకీ పట్టుకున్నవాడెవడో కాలేజీలో చొరబడ్డాడనీ, ఎక్కడివాళ్లక్కడే తలుపులు బిగించుకుని చప్పుడు చెయ్యకుండా ఉండాలనీ మైకులో చెప్పారు. కాలేజీ వడ్రంగి మేస్త్రీ, దారిలో ఎదురుపడ్డ లైబ్రరీ మేడమ్‌ని వెంటబెట్టుకుని తన సామాన్ల గదిలో దూరి గడియ పెట్టాడు.

"మళ్లీ చూడండి మేడమ్."

"ఇప్పుడేగా చూశాను మేస్త్రీ. మీ ఫోను వెలుగు బయటికి కనిపిస్తుంది."

"నా తువ్వాలు కప్పుకుని చూడండి. పరిగెత్తేటప్పుడు కళ్లద్దాలు ఎక్కడో పడిపోయాయి గానీ, లేకపోతే మిమ్మల్నెందుకు సతాయిస్తాను? అక్షరాలన్నీ చీమల బారులా ఉన్నాయి నాకు."

"ఆఁ... వచ్చింది."

"మా అమ్మాయేనా?"

"మీ అమ్మాయే. 'నాన్నా, నేను క్షేమంగా ఉన్నాను. మీరు దిగులు పడకండి.'"

"మీరు అందా? నన్నెప్పుడూ నువ్వనే అంటుందది."

"నేనే అలా చదివాను. అలవాటు."

"పైన డ్రాయింగ్ హాల్లోనే ఉందా? పొద్దున అక్కడే క్లాసంది."

"అక్కడే, అక్కడే."

"ఒక్కసారి ఫోన్ చేస్తే? గొంతు వింటే చాలు."

"వద్దు. అక్కడ మోగిందంటే?"

"అదీ నిజమే. అయితే రాయండి. కిటికీ దగ్గరికి పోవద్దు, గోడకి ఆనుకుని కింద కూర్చో అని రాయండి. నాన్న చెప్పాడని రాయండి."

"రాశాను. పంపాను. కొంచెం మెల్లగా మాట్లాడండి."

"ఇంతకంటే మెల్లగా అంటే చచ్చినవాడే మాట్లాడాలి. లైబ్రరీలో వేలు పెదాల మీద పెట్టి కసురుతారు చూడండి మీరు, మా అమ్మాయి ఇంట్లో అచ్చం అలాగే చేసి చూపిస్తుంది. వాళ్లమ్మ పడీపడీ నవ్వుతుంది."

"నన్నా?"

"మిమ్మల్నే. ఏమనుకోకండి."

"ఏమీ అనుకోను. రేపొచ్చి నా ఎదురుగానే చెయ్యమనండి."

"రేపా..."

"రేపే."

"అదేంటి, ఆ చప్పుడు?"

"పైనుంచే. బెంచీ ఏదో పడినట్టుంది."

"బెంచీలు పడవు మేడమ్. పిల్లలు ఇష్టమొచ్చినట్టు జరిపేస్తున్నారని నేలకి మరలు బిగించమన్నారు. బిగించాను. తలుపుకి అడ్డం పెట్టుకుందామన్నా కదలవు."

"అయితే కుర్చీ అయ్యుంటుంది. కుర్చీయే."

"ఫోను చూడండి."

"చూస్తున్నా. ఆఁ, వచ్చింది, వచ్చింది. 'నాన్నా, మాకేం భయం లేదు. అందరం ఒకచోటే ఉన్నాం. లోపలి నుంచి గడియ పెట్టుకున్నాం.'"

"గడియా?"

"గడియే. చూశారా, తెలివైన పిల్ల."

"ఇంకోసారి చదవండి."

"'లోపలి నుంచి గడియ పెట్టుకున్నాం.' ఇక మీరు గుండె దిటవు చేసుకోండి మేస్త్రీ."

"మేడమ్, మొన్న సమ్మెలో పిల్లలు గదుల్లో గడియలు పెట్టుకుని బయటికి రామన్నారు, గుర్తుందా?"

"ఉంది. అయితే?"

"మళ్లీ అలా కూర్చోకూడదని పై అంతస్తు గడియలన్నీ పీకెయ్యమన్నారు పెద్దలు. వాళ్ల ఆఫీసు గదులకి మాత్రం రెండేసి ఉన్నాయి లెండి."

"పీకేశారా?"

"ఒక్కటీ మిగల్చలేదు. బయటి గొళ్లాలు మాత్రం ఉన్నాయి. మీరు కూర్చున్న సంచిలో ఏముందనుకుంటున్నారు? అవే."

"నాకు తెలీదు మేస్త్రీ. నిజంగా తెలీదు."

"మీకెలా తెలుస్తుంది, మీది కింది అంతస్తాయె. డ్రాయింగ్ హాలుది పీకుతుంటే మా అమ్మాయి అక్కడే ఉంది. తలుపు గాలికి కొట్టుకుంటుంది నాన్నా, మా గదికి ఉంచెయ్యకూడదా అంది. నీ చదువేదో నువ్వు చదువుకోవే అన్నాను."

"ఊరుకోండి. వినబడుతుంది."

"ఊరుకుంటాను. అసలు ఏం రాసిందో చెప్పండి, ఊరుకుంటాను. ఏడుస్తోందా? నన్ను రమ్మంటోందా? నన్ను తిట్టినా సరే, ఉన్నదున్నట్టు చదవండి."

"మేస్త్రీ..."

"చదవండమ్మా."

"ఏమీ రాలేదు. మొదట్నుంచీ ఒక్క మెసేజీ కూడా రాలేదు."