వాకిలికి అడ్డం పడ్డ పాలు

ఏకోజీ అని తోలుబొమ్మలాడించేవోడు ఉండేవాడంట. వాళ్ళింట్లో ఒక కట్టడి ఉంది, ఏందంటే, ఇంటిపెద్ద బతికుండగా రాముడి బొమ్మ పుల్ల ఇంకో చెయ్యి పట్టకూడదు. సరే, జుట్టు నెరిసిందాకా తనే పట్టుకున్నాడు. అప్పుడేమైందంటే, ఆయనకి వణుకుడు జబ్బొచ్చింది. తెరమీద రావణుడు నిక్కి నిలబడుంటే, బాణం ఎక్కుపెట్టిన రాముడు గడగడ వణుకుతున్నాడు! జనం ఒకటే నవ్వు. అందరికంటే ముందు ఏకోజీయే నవ్వేవాడనుకో, "ఏం చెయ్యను, మా రాముడికి లంక గాలి పడక చలిజొరం తగిలింది" అని. లోపల మాత్రం దిగులుండేది. ఎందుకంటే ఊరిపెద్దలు చెప్పేశారు, ఈ శివరాత్రికి కూడా రాముడు వణికితే పై ఏడు వేరే మేళాన్ని పిలుచుకుంటాం ఏకోజీ, ఏమనుకోమాక, అని.

పట్నంలో డాక్టరు మాత్రలిచ్చాడు. ఇప్పుడు చూడండి మనోళ్ళ తెలివి. మాత్ర వేడి చేస్తది గదా? మీ ఇళ్ళల్లో ఏం చేస్తారు? పాలతో మింగిస్తారు, అంతేగా! ఆయన భార్య అంబుబాయీ అదే చేసింది. అందుకోసం పాడిగేదెనే కొనింది మహాతల్లి. పూటపూటా లోటాడు చిక్కటిపాలతో మాత్ర, వెంటనే ముద్దపప్పన్నం, గుడ్డు. ఏకోజీ నిగనిగలాడాడు. వణుకూ నిగనిగలాడింది! "ఒసే, నన్ను మేపుతున్నావా, నా వణుకును మేపుతున్నావా? ఇంక కవ్వమెందుకే, పెరుగుకుండలో నా చెయ్యి పెట్టు, వెన్న తేలుద్ది" అనేవాడంట.

మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయారు. మాత్ర దేంతో మింగుతున్నావు పెద్దాయనా, అన్నాడు. అంబుబాయి గర్వంగా, "మా గేదె పాలతోనయ్యా, చుక్క నీళ్ళు కలపను" అంది. డాక్టరు తల పట్టుకున్నాడు. అమ్మా, పాలల్లో పప్పుల్లో ఉండే బలమూ ఈ మాత్రా ఒంట్లోకి ఒకే వాకిట్లోంచి పోవాల, నీ పాలు ముందు దూరి అడ్డంగా నిలబడతన్నాయి, మాత్ర బయట పడిగాపులు కాస్తంది. మాత్ర ఖాళీ కడుపున నీళ్ళతో వెయ్యి, కాసేపాగి తిండి పెట్టు. పాలూ పప్పూ గుడ్డూ మానొద్దు, రాత్రికి జరుపు. జబ్బు మాత్రం పోయేది కాదు, ముదురుతానే ఉంటది. మాత్ర పనిచేసినంతసేపు చెయ్యి ఆయన మాట వింటది, అన్నాడు. అంబుబాయి ఇంటికి వచ్చి గేదె మెడ పట్టుకుని, "మనమే ఆయన చెయ్యి కట్టేశాం గదే" అని ఏడ్చింది. "పోన్లేవే, డాక్టరు మాత్రకంటే నువ్వే గట్టిదానివని తేలిందిగా" అన్నాడు ఏకోజీ.

శివరాత్రి వచ్చింది. ఉపవాసం గదా, కడుపు ఎటూ ఖాళీయే. ఉపవాసానికి పాలు తాగొచ్చు గానీ, ఆమె ఆయన్ని గేదె వైపు కూడా చూడనివ్వలేదు. పొద్దుగూకే ముందు నీళ్ళతో మాత్ర వేసింది. తెర వెనక దీపాలు వెలిగినాయి. రాముడు బాణం ఎక్కుపెట్టాడు, రాయిలా నిలబడ్డాడు! నవ్వుదామని వచ్చినోళ్ళ నోళ్ళు మూతబడ్డాయి. ఇంక రావణుడు కూలబోతాడనగా ఏమైందంటే, మాత్ర బలం దిగిపోయింది. బొటనవేలు చిన్నగా మొదలెట్టింది. పుల్ల వదిలితే కట్టడి పోద్ది, పట్టుకుంటే రాముడు పోతాడు. ఏకోజీ పక్కనే వంతపాడతన్న అంబుబాయి వైపు తిరిగి, "ఒసే, పట్టు" అన్నాడు. "నేనా? నువ్వు బతికుండగానా?" "బతికుండగానే పట్టు, పోయినాక నువ్వెట్టా పట్టావో చూడ్డానికి నేనుంటానా?" ఆమె పట్టింది. రాముడు కదల్లేదు. ఏకోజీ ఖాళీ అయిన చేత్తో, నవ్వించే పొట్టిబొమ్మను తీసి తెరకి ఆనించాడు. అది గడగడ వణుకుతా వచ్చింది. "ఏరా, రావణుణ్ణి చూసి జడిసావా?" అని అంబుబాయి గొంతు. "రావణుడెంత! మా ఆవిడ పాలలోటా పట్టుకుని వస్తంది!" అంది పొట్టిబొమ్మ. జనం పడీపడీ నవ్వుతుండగా అంబుబాయి బాణం వదిలింది.

పై ఏడు కూడా వాళ్ళనే పిలిచారులే. కట్టడి చెడింది గదా అంటారా? రాముడే ఏమీ అనుకోలేదు, మనకెందుకు? ఇంత చెప్పానా, నేను మాత్రం ఏ మాత్రైనా ఇప్పటికీ లోటాడు పాలతోనే మింగుతా. చెప్పేవోడికే బుద్ధొస్తే ఇంక కథ ఎవరు చెప్తారు!