దెబ్బకీ దెబ్బకీ మధ్య

సీతాఫల్‌మండిలో రెండు గదుల అద్దె ఇల్లు. ఆదివారం సాయంత్రం. పెళ్లయి రెండు నెలలు.

“ఫోన్ పెట్టేసినవ్ గద, ఇగ చెప్పు పైడీ! ఏమన్నరు?”

“తీసుకున్నారే సృజనా! బెంగళూరు రెగె పాటల బ్యాండులో కీబోర్డు నాదే. మూడు నెలలు, పద్నాలుగు ఊళ్లలో షోలు.”

“అబ్బా! గిటు దా, ఎత్తుకో నన్ను!”

“నడుం పట్టేస్తుంది. అయినా ఇంకెవరికో ఫోన్ చెయ్యబోయి నాకు చేసుంటారు.”

“నీ పేరే అన్నరా?”

“పైడిబాబు అని రెండుసార్లు అన్నారు.”

“బెంగళూరుల ఎంతమంది పైడిబాబులుంటరు? నువ్వే!”

“నా చరిత్ర నీకు తెలీదు. పదేళ్లలో మూడు బ్యాండ్లు మూయించాను. చివరి షోకి పదకొండు మందొచ్చారు. ఏడుగురు మా డ్రమ్మర్ చుట్టాలే. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా అయితే ఒక్క పూటకే పంపేసింది.”

“ఎందుకు?”

“అందరూ తాళం దెబ్బ మీద వాయిస్తే, నేను దెబ్బకీ దెబ్బకీ మధ్య వాయించాను. రెగెలో కీబోర్డు పని అదే కదా. బరాత్‌లో ఆడేవాళ్లు ఒకళ్ల కాళ్లు ఒకళ్లు తొక్కుకున్నారు.”

“మన పెళ్లిల సుత గంతే! అందరు అక్షింతలు ఏసినంక పెట్టినవ్, జీలకర్ర బెల్లం.”

“అలవాటైపోయింది.”

“సరే, రేపే ఆఫీసుల సెలవడుగు.”

“ఊఁ.”

“ఊఁ ఏందీ? మూడు నెలలు ఇస్తరా?”

“టీ పెట్టనా?”

“పైడీ! సెలవు!”

“అక్కర్లేదే.”

“అంటే?”

“అంటే... ఉద్యోగం మానేసి ఇరవై రోజులైంది. నాకు కీబోర్డు నేర్పిన రోనాల్డ్ సార్ లేరూ, పొద్దున్నే వాళ్లింటికెళ్లి సాయంత్రం దాకా వాయించుకుంటున్నాను. మీ నాన్న ఆ ఉద్యోగం చూసే నిన్నిచ్చారు. ఇప్పుడు తెలిస్తే... ఏటి, తిట్టవేటి?”

“నాకెప్పుడో తెలుసు.”

“ఎలాగ?”

“ఆఫీసుకు పోయినోని టిఫిన్ డబ్బా కడిగినట్టు తళతళ మెరుసుకుంట వస్తదా? పైనుంచి అండ్ల రోజొక కేకు ముక్క!”

“సార్ వాళ్ల ప్రిసిల్లా ఆంటీ కడిగి పెడతారు, కేకూ ఆవిడే. వద్దనే అన్నాను.”

“వద్దనకు, మస్తుంటది. అడిగితే యాడ బందయితదో అనే అడగలే.”

“మరి మీ నాన్నకి ఏం చెప్తాం?”

“రేపు పొద్దుగాల పద్మారావు నగర్ల మా నాయినింటికి పోదాం. నువ్వు నోరు తెరవకు. ఉద్యోగం మానమన్నది నేనే అని చెప్తా.”