పూలు లేని మంద

ఆస్ట్రియాలోని టిరోల్ కొండల్లో మోటారు బండ్లు తిరగని సైకిల్ దారి అది. వేసవి మేత ముగిసి మందలు ఇళ్లకు దిగే రోజు. పైనుంచి వస్తున్న సైకిల్ యాత్రికుణ్ణి ముసలాయన ఆపాడు.

“బాబూ, దారిలో మంద కనిపించిందా?”

“కనిపించింది పెద్దాయనా. దారంతా వాటిదే! సైకిలు భుజానెత్తుకుని, గట్టెక్కి దాటొచ్చాను.”

“కొమ్ములకి పూలు కట్టారా?”

“లేదే. ఏం?”

ముసలాయన కంచె పట్టుకున్నాడు.

“పైన చావు జరిగితే కట్టరయ్యా. అక్కడున్నది నా కూతురూ, ఆవులూ.”

“ముందు ఒకమ్మాయి నడుస్తోంది. ఏడుస్తూనే నన్ను తిట్టింది కూడా.”

“ఏమని?”

“‘బెల్లు కొట్టకురా గాడిదా, ఆవులు బెదురుతాయి’ అని.”

“అది మా బుర్గీయే!” ఆయన కళ్లు తుడుచుకున్నాడు. “పాపం, ఏ ఆవు పోయిందో.”