ఎండిపోయిన పడుగు

"తాతా, నూలు దొంగిలించినోన్ని వెలేయాలని రేపు మీటింగంట గదా. పెద్దమనిషివని నిన్నూ రమ్మన్నారు. పోతావా?"

పోను పాపా. ఆ తీర్పు చెప్పే అరుగు మీద ఒకసారి కూర్చున్యా, సాలు.

మీ నాయన పుట్టిన యేడు... కాదు, మీ పెద్దత్త పుట్టిన యేడు. దోసె పావలా అప్పుడు. మన వీధి చివర సుబ్బరాయుడని ఉండ్య. సావుకారి కాడ నాలుగు చిలపల నూలు ఎత్తుకపోయినాడు. నిజమే, వాడే ఒప్పుకున్యాడు. ఏడాది పొద్దు వాని పడుగుకు ఎవురూ చెయ్యి వేయగూడదని మేం నలుగురం చెప్పినాం. ఆ మాట మొదట నా నోట్లోంచే వచ్చింది. జైలు గాదు, కొట్టేది గాదు, శానా మెత్తని శిక్ష అనుకున్యా.

నీకు తెల్సు గదా, పడుగు ఒక ఇంటోళ్లతో అయ్యేది గాదు. మగ్గానికెక్కే నిలువు పోగులన్నీ వీధి పొడుగునా చాపి, గంజి పెట్టి, ఎండ ముదరకముందే పదిమంది కుంచెలు పట్టి దువ్వాల. లేకుంటే పోగులు అతుక్కోని చెక్క మాదిరి అయిపోతాది.

ఆ తర్వాత వాడు పడుగు చాపిన పొద్దు, వాడు, పెండ్లాం, ముసిలి తల్లి, ముగ్గురే వీధిలోకి దిగినారు. ఆ తల్లికి చూపు ల్యా. కుంచె పట్టుకోని తడుముకుంటా నడుస్తాండాది. మేమంతా అరుగుల మీద చేతులు కట్టుకోని కూర్చున్యాం. మీ జేజి వాకిట్లోంచి "లేయ్యా, పోయి కుంచె పట్టు" అనింది. లేవల్యా నేను. చెప్పిన మాట పోతాదని. చేసుకున్నోనికి చేసుకున్నంత మహదేవా అని పక్కనోడంటే ఊ కొట్టినా.

తొమ్మిది గంటలకంతా పడుగు ఎండిపాయ. ముసిలామె చేత్తో తడిమి, "ఎవురూ రాల్యాదా నాయనా" అని కొడుకునడిగింది. అంతే. మమ్మల్ని తిట్టను గూడా తిట్టల్యా.

నాలుగు నెల్లకు మగ్గం అమ్ముకోని కోడుమూరు పక్క కూలికి పోయినారు. ముసిలామె ఆడనే పోయిందంట.

శిక్షేస్తే బుద్ధొస్తాదంటారు. దొంగతనం తప్పని వానికి ముందే తెల్సు, అందుకే తల దించుకున్యాడు. మా దెగ్గర కొత్తగా నేర్చుకునింది ఒకటే, మనుషులు సూస్తా గమ్మున కూర్చోగలరని. మిగతావాళ్లకు భయమంటావా, ఆ తర్వాత గూడా నూలు పోతానే ఉండ్య. పోనీ, ఆ గుడ్డి తల్లి ఏం దొంగిలించింది పాపా? సిగ్గయితాది నాకు, ఇప్పటికీ.

రేపు ఆ మీటింగోళ్లకు, నూలు తిరిగి ఇప్పిచ్చుకోండి, వాన్ని మగ్గం మీంచి లేపొద్దండని నా మాటగా చెప్పు. వింటారో, వినరో.

సల్లగుండు తల్లీ. నిన్ను యా పొద్దూ ఆ అరుగు మీద ఎవురూ కూర్చోబెట్టకుండా ఉండాల. కూర్చోబెట్టినా, ఎదురుగా ఎవురి పడుగన్నా ఎండతాంటే లేచిపో. నేను లేవల్యా...