ఒక గుండు, ఇద్దరు స్వాములు

నందికొట్కూరు దగ్గర చేలో బోరుకు నీళ్లు పడిన మర్నాడు, కంప్యూటరు ముందు మొగుడూ పెళ్లామూ.

“ఏమయ్యా, ఏమంటాండాది నీ ఏఐ?”

“నేను నోటితో చెప్పిన నోట్సంతా సర్దిపెట్టింది మే. బోరు పడితే అహోబిలం స్వామికి గుండు మొక్కినానంట. మహానంది స్వామికి గూడా అదే గుండు మొక్కినానంట.”

“నీకుండేదే నాలుగు వెంట్రుకలు. ఇద్దరికీ యెట్ల చాలుతాయి?”

“మెల్లగా మాట్లాడు. ఇది మన ఇంట్లోనే నడిచే ఏఐ, ఇంటర్నెట్టుకు పోదు. ఒక మొక్కు తుడిచేస్తే ఎవురికీ తెలీదు.”

“స్వాములకు ఇంటర్నెట్టులో చూస్తేనే తెలుస్తాదా?”

“తుడిచే పనిల్యాకుండా అదే ఇంగో ఉపాయం చెప్పిందిలే.”

“ఏమంట?”

“ఇంట్లో జుట్టు ఇంగొకరికి గూడా ఉండాది గదా, అంటాండాది.”

“దాని ప్లగ్గు యాడుండాది?”